‘ఒకే కడుపు బిడ్డలా?’ అని అడిగే సార్

మా సార్ పోయిన సంగతి పోయిన నెల ఒక మధ్యాహ్నం తెలిసింది. కృష్ణగిరిలో మా కాలేజీ స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. హోసూరు నుంచి ఆయన భార్య ఫోన్ చేసింది. "మీ సార్ పోయినారమ్మా. టిఫిన్ తిని కుర్చీలో కూర్చున్నోరు అట్నే ఒరిగిపోయినారు. నువ్వు వస్తావు కదా?" అంది. ఆమె ఏడవలేదు. వస్తానక్కా అన్నాను. చేతిలో ఉన్న పేపరు పూర్తిచేసి, కట్ట బీరువాలో పెట్టి, ప్రిన్సిపాల్‌కు చెప్పి బస్టాండుకు నడిచాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ దేవుళ్ళైపోతారు. మా సార్ దేవుడు కాదు. కోపిష్టి. కాఫీ కొంచెం చల్లారినా ముఖం మాడ్చుకునేవారు. ముఖ్యంగా, ఆయన్ను పెళ్ళికి పిలిస్తే ఇబ్బంది. పరిచయమైన అన్నదమ్ములందరినీ నిలబెట్టి, "మీరు ఒకే కడుపు బిడ్డలా?" అని అడిగేవారు. మన వైపు అలా అడగడం ఎంత తప్పో చదివేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. మీలో హోసూరు వాళ్ళుంటే ఆయన మాటకు నొచ్చుకొనే ఉంటారు. ఆ మనిషి ఎందుకలా తయారయ్యారో మీకు తెలియాలనిపించి ఇది రాస్తున్నాను.

తొంభైలలో ఆయన బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవారు. నేను ఆయన దగ్గర రీసెర్చ్‌లో చేరాను. ఇద్దరం హోసూరు నుంచే రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాళ్ళం. ఆయన పుట్టింది బాగలూరు దగ్గర, పూలు పండించే ఇంట్లో. అందువల్లనో ఏమో, అన్ని చదువులు చదివినా మాట మాత్రం ఊరి మాటే. సెమినార్‌లో ఇంగ్లీషు, క్యాంటీన్‌లో కన్నడం, హోసూరు దుకాణాల్లో తమిళం, కోపమొస్తే తెలుగు. నాతో ఎక్కువగా తెలుగులోనే మాట్లాడారు.

మా పని ఏమిటో కొంచెం చెప్పాలి. మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ క్రోమోజోములుంటాయి. ఒక్కొక్కటీ చాలా పొడవైన డీఎన్ఏ దారం. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఏకబిగిన చదివే దారి అప్పట్లో లేదు. అందుకని దాన్ని పెద్ద పెద్ద ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కనూ ఒక ఈస్ట్ కణంలో పెట్టి పెంచేవారు. బ్రెడ్డు పొంగించే ఆ ఈస్టే. అది పెరిగినప్పుడల్లా తన క్రోమోజోములతో పాటు మన ముక్కకూ నకలు తీస్తుంది. ఇలా ముక్కను మోసే వాటిని యాక్ క్లోన్లు అనేవాళ్ళం. ఫ్రీజరు నిండా అవే. కానీ ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉండేదో ఎవరికీ తెలియదు. వాటిని మళ్ళీ వరసలో పేర్చి క్రోమోజోముకు పటం గీయడమే మా ఉద్యోగం. ఫిజికల్ మ్యాపింగ్ అంటారు.

పుస్తకంలో చదివితే నా బుర్రకు ఎక్కలేదు. సార్ బస్సులో చెప్పారు.

"హోసూరు కృష్ణగిరి రోడ్డు నువ్వు ఎప్పుడూ చూడలేదనుకో. ఆ దావలో ఎక్కి దిగినోళ్ళనంతా అడుగు, మధ్యలో ఏమేం ఊర్లు చూసినారు అని. ఒగడు పేరండపల్లి, శూలగిరి అంటాడు. ఇంకొగడు శూలగిరి, కురుబరపల్లి అంటాడు. ఇద్దరూ శూలగిరి చూసినారు. అప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన పెట్టు. అట్ల అడుగుతా పోతే రోడ్డు చూడకుండానే ఊర్లు వరసగా వచ్చేస్తాయి."

ప్యాసింజర్లంటే మా యాక్‌లు. ఊళ్ళంటే డీఎన్ఏ మీద మేము పోల్చుకోగలిగిన చిన్న చిన్న గుర్తులు.

"అబద్ధం చెప్పేవాళ్ళుంటేనో సార్?" అన్నాను.

"అబద్ధం చెప్పరమ్మా. నిద్రపోతారు."

ఈస్ట్‌లో పెట్టేటప్పుడు కొన్నిసార్లు వేరే వేరే క్రోమోజోముల ముక్కలు రెండు అతుక్కుపోతాయి. అలాంటి ప్యాసింజరు శూలగిరి దాటగానే తిరువణ్ణామలై వచ్చిందని ధీమాగా చెబుతాడు. నిద్రమత్తులో బస్సు మారిన సంగతి వాడికే తెలియదు. మా రోజుల్లో సగం ఈ నిద్రపోతుల్ని ఏరి అవతల పెట్టడానికే సరిపోయేది. సార్ వాళ్ళను నిజంగానే తిట్టేవారు. "వీడు మళ్ళా పండుకున్నాడమ్మా" అనేవారు, గుర్తులు పడ్డ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకొని.

పొడవైన డీఎన్ఏ ఊరికే తెగిపోతుంది. పైపెట్‌తో గబుక్కున పీల్చినా తెగుతుంది, ట్యూబు ఆడించినా తెగుతుంది. అందుకని ఆయన పైపెట్ టిప్పుల కొసల్ని కత్తెరతో కత్తిరించి పెట్టుకునేవారు, నోరు వెడల్పుగా ఉండాలని. టీ తాగుతూ కూడా అదే పని. కణాల్ని మెత్తని జెల్ బిళ్ళల్లో బిగించి, డీఎన్ఏను ఆ జెల్‌లోనే ఉంచి శుభ్రం చేసేవాళ్ళం. మందులు మార్చి మార్చి నానబెట్టాలి, కుదపకూడదు. కొత్తగా చేరినవాళ్ళెవరైనా అలవాటుగా ట్యూబును చేత్తో ఊపితే దూరం నుంచే అరిచేవారు. "ఏమప్పా, మజ్జిగ చిలుకుతా ఉండావా?" ల్యాబులో ఆ మాట మాకందరికీ ఊతపదమైపోయింది. తొందర అనేది ఆయనకు సరిపడదు. "బిరబిరా చేస్తే ముక్కలే మిగుల్తాయి" అనేవారు.

ఆ పటం మాకు ఊరికే కావలసి రాలేదు. కెలమంగలం దాటినాక ఒక పల్లెలో ఒక బంధువర్గం ఉంది. వాళ్ళలో కొన్ని ఇళ్ళల్లో పిల్లలకు రేచీకటి వస్తుంది. మొదట పొద్దు గుంకితే కళ్ళు కనబడవు. పెద్దయ్యేకొద్దీ పగటి చూపు కూడా చుట్టూ నుంచి మూసుకుంటూ వస్తుంది. మేనమామకు ఇవ్వడం, మేనరికాలు చేసుకోవడం ఆ ఇళ్ళల్లో మామూలు. ఈ జబ్బు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ ఒకే జన్యువుకు రెండు చెడ్డ నకళ్ళు కలిస్తేనే వస్తుంది. కాబట్టి ఏ క్రోమోజోములో, ఏ భాగంలో ఆ చెడ్డ జన్యువు ఉందో పట్టుకోవాలి. ఒక కంటి డాక్టరు చెప్పగా సార్ ఆ ఊరికి పోవడం మొదలుపెట్టారు. నన్నూ తీసుకుపోయేవారు.

మేము ఎక్కువగా పోయిన ఇంట్లో ఒక అవ్వ, ఆమె సాకుతున్న ముగ్గురు పిల్లలు ఉండేవాళ్ళు. తల్లీ తండ్రీ లేరు. పెద్దవాడికి చూపు శుభ్రంగా ఉంది, గొర్రెలు తోలేవాడు. రెండోవాడు సాయంత్రమైతే గోడ పట్టుకుని నడిచేవాడు. మూడోది ఆడపిల్ల. అప్పటికి చిన్నది, ఇంకా ఏమీ బయటపడలేదు. అవ్వకు జన్యువులు అక్కర్లేదు, పటాలు అక్కర్లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే.

"మా చిన్నదానికి వస్తాదా, రాదా? అది చెప్పండప్పా, చాలు."

"దొరకనీ అవ్వా. దొరికినాక మొదుట నీకే చెప్తాను" అన్నారు సార్.

పిల్లలను కూర్చోబెట్టి ఎవరు ఎవరికి ఏమవుతారో సార్ అడిగారు. పెద్దవాణ్ణి చూపించి "వీడేమవుతాడమ్మా నీకు?" అంటే చిన్నది "అన్న" అంది. రెండోవాడూ "అన్న" అన్నాడు. అన్న అనే రాసుకున్నారు. రక్తం తీసుకున్నాం.

రక్తాలన్నీ పోల్చి చూస్తే ఒక క్రోమోజోము మీద కొంత భాగం తేలింది. జబ్బు ఉన్నవాళ్ళందరికీ అక్కడి గుర్తులది ఒకే వరస, రెండు నకళ్ళలోనూ. సార్ బస్సు భాషలో చెప్పాలంటే, హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఉన్న రోడ్డు అది. అందులో శూలగిరి నుంచి కృష్ణగిరి దాకా, చూపు బాగున్న ఆ అన్నకు కూడా రెండు నకళ్ళలోనూ అచ్చం అదే వరస ఉంది. అదే వరస ఉండి జబ్బు లేదంటే, జబ్బు ఆ సగంలో లేదన్నమాట. ఆ సగం కొట్టేశాం. మిగిలింది హోసూరు నుంచి శూలగిరి. ఆ సగానికే పటం గీయాలని కూర్చున్నాం.

నా పీహెచ్‌డీ అంతా ఆ సగంలోనే గడిచింది. యాక్‌లతో మొదలుపెట్టాం. మధ్యలో ఒక సందు ఉండిపోయింది. ఏ ముక్కా దాన్ని దాటి రాదు. తర్వాత బ్యాక్టీరియాలో పెట్టే బ్యాక్ క్లోన్లు వచ్చాయి. వాటిలో ముక్క చిన్నది, కానీ ఆ ప్యాసింజర్లు చాలా వరకు నిద్రపోరు. వాటితో ఆ సందు పూడ్చాం. ఆ రోజు సార్ ల్యాబులో అందరికీ మైసూర్‌పాక్ పంచారు. ఆ తర్వాత ఆ దారి పొడవునా ఉన్న జన్యువులను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాం. అన్నీ బాగున్నాయి. ఎక్కడా లోపం లేదు. రోడ్డు అతుకు లేకుండా తయారైంది, మేము వెతికే ఇల్లు ఆ రోడ్డులో లేదు.

కొత్తగా రక్తం తీసుకుని మళ్ళీ చూద్దామని సార్ ఆ పల్లెకు బయలుదేరారు. తీరా వెళ్తే ఆ రోజు మహాలయ అమావాస్య. పోయిన పెద్దలకు వండి పెట్టే దినం. నడవలో పీట వేసి, ఆకులో అన్నీ వడ్డించి, పక్కన పోయినవాళ్ళకని కొత్త బట్టలు పెట్టారు. అవ్వ మమ్మల్ని లోపలికి పిలిచింది. పీట మీద రెండు చీరలు మడత పెట్టి ఉన్నాయి.

"రెండు పెట్టినావేంది అవ్వా?" అన్నారు సార్, మాటవరసకు.

"ఇద్దరు కూతుర్లు పోయినారు కదప్పా నాకు. ఒగటి పెద్దామెకు, ఒగటి చిన్నామెకు."

"చిన్నామె అంటే ఈ పిల్లోళ్ళ అమ్మ. మరి పెద్దామె?"

"పెద్దోడి అమ్మ. వాడు పాలు తాగే బిడ్డగా ఉన్నప్పుడే పోయింది. వాళ్ళ నాయనది యాడో అంచెట్టి పక్క. మళ్ళా ఈ పక్క తిరిగి చూడలే. వాణ్ణి చిన్నామెనే సాకింది."

సార్ మళ్ళీ ఆ రెండు చీరల వైపు చూశారు. "అన్న అని చెప్పినారే" అన్నారు.

అవ్వకు ఆ మాట అర్థం కాలేదు. "పెద్దమ్మ కొడుకు అన్న కాకుండా ఇంకేమయితాడప్పా?"

నిజమే. మన మాటలో పెద్దమ్మ కొడుకు అన్నే. ఆ అన్నకూ సొంత అన్నకూ వేరే పేరు లేదు, ఉండకూడదు కూడా. ఒకే కంచంలో తిని పెరిగిన పిల్లల ముందు "వీడు మీ సొంత అన్నేనా?" అని అడిగితే ఇల్లు విడగొట్టినట్టే. దగ్గరి పెళ్ళిళ్ళ కుటుంబం కావడంతో ఆ రోజుల్లో వాడు సొంత అన్న కాదన్న తేడా మా కొద్దిపాటి పరీక్షలకు దొరకలేదు. అంచెట్టి వైపు నుంచి వచ్చిన తండ్రి ఇచ్చిన నకలు వేరేది, మంచిది. కానీ మేము చూసిన నాలుగు గుర్తుల దగ్గర అది వీళ్ళ వరసలాగే కనిపించింది. దాన్ని నమ్మి సగం రోడ్డు కొట్టేశాం.

అవ్వ తినకుండా పోనివ్వలేదు. సార్ పాయసం దాకా తిన్నారు, రక్తం అడగకుండానే లేచారు. తిరుగు బస్సులో కెలమంగలం దాటాక నోరు విప్పారు.

"ఆ దినం నోటిదాకా వచ్చిందమ్మా. ఒకే అమ్మనా అని అడుగుదామనుకున్నాను. పిల్లోళ్ళ ముందర అది అడిగేది ఏం బాగుంటాదని మింగేసినాను. తెలుగు రానోడు ఎవుడన్నా పోయింటే అడిగింటాడు."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. నా ఇన్నేళ్ళ చదువు ఆ మింగేసిన మాట మీద నిలబడి ఉంది. కానీ ఆ చోట నేనున్నా అడిగి ఉండేదాన్ని కాదు. హోసూరులో పుట్టిన ఎవరూ అడగరు.

మరుసటి వారం సంస్థలో మీటింగ్ పెట్టారు. మా పై అధికారి మంచివాడే, సార్‌ను కాపాడాలని చూశాడు. ట్యూబులు తారుమారయ్యాయని రాద్దాం, అలాంటివి ఎక్కడైనా జరుగుతాయి కదా అన్నాడు. సార్ ఒప్పుకోలేదు. "ట్యూబులు మారలేదు. నేను అడగలేదు. అదే రాయండి" అన్నారు ఇంగ్లీషులో. అలాగే రాశారు. ప్రాజెక్టు ఆ ఏడాదితో ఆగిపోయింది. సార్‌ను వేరే పనిలో వేశారు. నా థీసిస్‌కు మాత్రం ఆ సగం పటం చాలింది, పటంలో తప్పేమీ లేదు కాబట్టి. డిగ్రీ వచ్చింది, కృష్ణగిరిలో లెక్చరర్ ఉద్యోగమూ వచ్చింది.

ఆయన వదిలిపెట్టలేదు. వేరే పని చేస్తూనే, కొట్టేసిన సగానికి బ్యాక్‌లు తెప్పించుకుని, సెలవు దినాల్లో ఒంటరిగా పేర్చుకుంటూ పోయారు. అప్పటికే ప్రపంచంలో పెద్ద పెద్ద బృందాలు మొత్తం క్రోమోజోములనే చదివేస్తున్నాయి. ఆయన సగం దారిలో ఉండగానే, వేరే దేశంలో వేరే కుటుంబాల్లో ఆ జన్యువు దొరికింది. మేము కొట్టేసిన సగంలోనే ఉంది. ఆయన మన కెలమంగలం కుటుంబానికి అదే జన్యువులో ఎక్కడ తప్పు పడిందో చూసి, నాకు ఫోన్ చేశారు. "కురుబరపల్లి దగ్గర ఉన్నిందమ్మా" అన్నారు. గొంతులో సంతోషం లేదు.

అవ్వకు ఇచ్చిన మాట ప్రకారం చెప్పడానికి వెళ్ళాం. సాయంకాలం అయింది. చిన్నది అప్పటికి హైస్కూలు చదువుతోంది. మాకు నీళ్ళు తెస్తూ గడప దగ్గర ఆగి, కాలి బొటనవేలితో గడపను తడిమి చూసుకుని దాటింది. సార్ చూశారు. నేనూ చూశాను. ఆయన నోరు తెరిచేలోగా ఆ పిల్లే అంది, లోపల అవ్వకు వినపడకుండా.

"నాకు తెల్సు సార్. చానా దినాలైంది. అవ్వకు చెప్పలేదు, ఏడుస్తాదని."

ముందే తెలిసినా చూపు నిలిచేది కాదు. మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆ పిల్ల ఆ భయాన్ని అన్నేళ్ళు ఒంటరిగా మోసింది. సార్ ఆ నీళ్ళ చెంబు పట్టుకుని తాగకుండా కూర్చున్నారు.

అవ్వకు చెప్పక తప్పలేదు. ఆమె ఏడ్చింది, తర్వాత కోప్పడింది. "ఇంకేం చెప్పేదానికి వచ్చినారు, అయిపోయినాక?" అంది.

"దాని బిడ్డలకు రాకుండా చెప్పగలనవ్వా. అంతే నా చేతిలో ఉండేది" అన్నారు సార్.

చిన్నదాన్ని తన కొడుక్కే, అంటే ఆ పిల్ల మేనమామకే, ఇవ్వాలని అవ్వ ఎప్పుడో అనుకుని ఉంది. సార్ అతనికి రక్తపరీక్ష చేశారు. ఒక చెడ్డ నకలు ఉంది. అతని చూపుకు ఏమీ కాదు, కానీ వీళ్ళిద్దరికీ పుట్టే బిడ్డలకు జబ్బు రావచ్చు. ఈ పెళ్ళి వద్దని చెబితే ఆ ఇంట్లో కొన్నాళ్ళు ఆయనకు మంచినీళ్ళు కూడా పుట్టలేదు. చివరికి ఒప్పుకున్నారు. బాగలూరు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అబ్బాయి సంబంధం వచ్చింది. చూపు సంగతి తెలిసే వచ్చాడు. నిశ్చితార్థంలో సార్ ఆ అబ్బాయి చుట్టాలందరి ముందూ కుర్చీ లాక్కుని కూర్చుని అడిగారు. "వీళ్ళు నీకేమవుతారు? ఒకే కడుపు బిడ్డలా? మీ నాయనా మీ చిన్నాయనా ఒకే అమ్మకు పుట్టినారా?" పెళ్ళికొడుకు తల్లి లేచి అవతలికి పోయింది. సార్ ఆగలేదు. అబ్బాయి మాత్రం నవ్వి అన్నిటికీ జవాబు చెప్పి, చెయ్యి చాపి రక్తం ఇచ్చాడు. దోషం లేదు.

అప్పటి నుంచి ఆయన అందరినీ అడిగేవారు. జబ్బుతో సంబంధం లేనివాళ్ళను కూడా. మా తమ్ముడి పెళ్ళిలో మా పిన్ని కొడుకునూ మా తమ్ముణ్ణీ చూసి అదే అడిగితే మా అమ్మ ముఖం నల్లబడింది. "ఇదేం మనిషమ్మా, మన పిలకాయల్ని వేరు చేసి మాట్లాడతాడు" అంది నాతో. ఎందుకడుగుతారు సార్, అవసరం లేదు కదా అన్నాను ఒకసారి. "అలవాటు తప్పిపోతుందేమోనని" అన్నారు.

నేను హోసూరు చేరేసరికి ఇంటి నిండా జనం. ఆయన ముఖం మామూలుగానే ఉంది, కాఫీ చల్లారినప్పటి ముఖం. అన్నీ అయ్యి, తీసుకుపోయినవాళ్ళు తిరిగొచ్చేసరికి పొద్దు గుంకింది. అవ్వ ఇంటి చిన్నది కూడా వచ్చింది, నాలుగేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని. "వస్తానక్కా, బస్సుంది" అంది.

వీధి దీపాలు ఇంకా వెలగలేదు. సాగనంపుతూ చల్లిన బంతిపూలు వీధి పొడవునా పడి ఉన్నాయి, నాకే సరిగా ఆనడం లేదు. వాటిని తొక్కకూడదని ఎవరో చెప్పారు కాబోలు, కూతురు తల్లి చెయ్యి పట్టుకుని ముందు నడుస్తోంది. "అమ్మా, ఈడ పువ్వుండాది. ఇట్ల రా. ఆడ ఇంకొగటి" అంటూ, మసక చీకట్లో ఒక్క పువ్వు మీదా కాలు పడకుండా తల్లిని వీధి చివరి దాకా నడిపించుకుపోయింది.